తుమ్మలవాగులో నరహరి గోడ

అన్యాయం జరిగింది దూదేకుల నాగూరమ్మకు. జరిగింది నిరుడు వైశాఖంలో, పెళ్లిళ్ల పరుపులకు దూది ఏకే రోజుల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. చేసినవాడు పేరున్నవాడు కాబట్టి ఊళ్లో ఎవరూ దాన్ని అన్యాయం అనలేదు. వరద అన్నారు.

ఆ చేసినవాడు, టైల్స్ దుకాణం నరహరి, ఈ వేసవిలో ఒక ఆదివారం పొద్దున రత్తమ్మ గారి వసారాలో మా అందరి ముందూ లేచి నిలబడి అడిగాడు: "అమ్మా, తెలియక చేసినదానికి దోషం అంటుతుందా?"

రత్తమ్మ గారు మా పట్టణంలో పాతికమందికి గురువు. వేదాంతం సాగదీసి చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ప్రశ్న అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తుంది. ఆ పని చేసి వచ్చేసరికి కొందరికి ప్రశ్న మిగలదు. కొందరు మళ్లీ రారు. ఎవరో తన గోడ గురించి చాటున ఏదో అన్నారని నరహరి చెవిన పడింది. అందుకని "అంటదులే నాయనా" అన్న ఒక్కమాట కోసం వచ్చాడని మాకందరికీ అర్థమైంది.

సంగతి ఇదీ. తుమ్మలవాగు పట్టణం నడిమధ్యగా పోతుంది. వేసవిలో అడుగు రాళ్లు కనిపిస్తాయి, కుక్కలు పడుకుంటాయి. అందుకే దాన్ని వాగు అని కూడా ఎవరూ అనరు, మురిక్కాలవ అంటారు. ఎండలు మండిన రోజున మబ్బు పట్టి గంటసేపు కుమ్మరించిందా, ఎగువనున్న సిమెంటు రోడ్ల మీద పడ్డ నీరంతా, ఇంకడానికి చారెడు మట్టి దొరక్క, ఒక్కసారిగా అందులోకే దూకుతుంది. అప్పుడు గుర్తొస్తుంది మనకి, అది వాగని.

నరహరి మూడంతస్తుల ఇల్లు వాగు మలుపు దగ్గర ఉంది. నీరు తిన్నగా వచ్చి ఆయన గట్టునే కొట్టుకుని పక్కకు తిరిగేది. ఒక్కడే కొడుకు, వాడికి మూర్ఛలు. సిద్ధాంతి వచ్చి చూసి, ఇంటికి నైరుతిలో నీటి పోటు ఉంది, దాన్ని మళ్లిస్తే పిల్లవాడు కోలుకుంటాడు అన్నాడు. మాఘమాసంలో నరహరి తన గట్టు నుంచి వాగులోకి ఏటవాలుగా ఒక రాతిగోడ కట్టించాడు. ఎవర్నీ అడగలేదు. ఎండిన కాలవలో నాలుగు రాళ్లు పేర్చుకుంటే అడిగేదెవరు? పిల్లవాడికి మూర్ఛలు తగ్గాయి. ఆ నెలలోనే డాక్టరు మాత్రలు మార్చాడు కానీ, ఆ ఇంట్లో మాత్రల పేరెత్తినవాళ్లు లేరు.

వైశాఖంలో ఆ శుక్రవారం వాన పడింది. నీరు ఎప్పట్లాగే తిన్నగా వచ్చి, కొత్త గోడకు తగిలి, అవతలి గట్టు మీదికి మళ్లింది. అక్కడ నాగూరమ్మ రేకుల ఇల్లు ఉంది. ఆమె దారానికని బజారుకెళ్లింది. పక్షవాతంతో మంచాన పడ్డ మొగుడు సైదయ్య, దూది బస్తాల మధ్య ఒక్కడే ఉన్నాడు. దూది మొదట తేలింది. తేలి తలుపు దాకా వచ్చింది. తర్వాత తడిసి బరువెక్కి అక్కడే కూర్చుంది. లోపలికి తెరుచుకునే తలుపు. ఎంతమంది నెట్టినా కదల్లేదు. రేకులు ఊడదీసి దిగేసరికి సైదయ్య ప్రాణం పోయింది.

రత్తమ్మ గారు నరహరి ప్రశ్న విని, ఎప్పట్లాగే పని చెప్పింది.

"నాగూరమ్మ దగ్గర నా పరుపు ఉంది. ఏకి కుట్టిపెట్టానని కబురు చేసింది. వెళ్లి తెచ్చిపెట్టు నాయనా."

"దానికేం అమ్మా, దుకాణంలో కుర్రాణ్ణి ఆటో ఇచ్చి పంపిస్తాను."

"ప్రశ్న కుర్రాడడిగాడా?"

నరహరే వెళ్లాడు. అక్కడ జరిగింది తర్వాత నాగూరమ్మ నోటి వెంట విన్నాం. నరహరి కాదనలేదు.

ఆయన ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఉన్నది వాగు వెడల్పే. కానీ పెద్దమనుషులు వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి, అందుకని ఆ గట్టు మీద ఆయన ఎప్పుడూ కాలు పెట్టలేదు. కొత్తగా పైకెత్తిన మట్టిగోడల ముందు, చాప మీద కూర్చుని, దబ్బనంతో ఎవరిదో పరుపు కుడుతోంది నాగూరమ్మ. తల ఎత్తి చూసింది.

"రండి సారూ. అక్కడ ఎండ, ఇట్టా నీడకి రండి. కుర్చీ లేదు. నిరుడు ఉండేది."

"నన్ను గుర్తుపట్టావా?"

"ఎదురింటోళ్లని గుర్తుపట్టకపోతే ఎట్టా సారూ? మధ్యన నీళ్లేగా అడ్డం." దారం పళ్లతో కొరికింది. "అబ్బాయికి ఎట్టా ఉంది? మూర్ఛలు తగ్గినయ్యా?"

నరహరి బిత్తరపోయాడు. "నీకెవరు చెప్పారు?"

"మీ గోడ కట్టిన మేస్త్రీలే. పని జరిగినన్నాళ్లూ వాగు దాటి మంచినీళ్లకి నా గుమ్మంలోకే వచ్చారు. మీ గేటు కాడ కుక్కుంది గదా. పిల్లోడి కోసం కడతన్నారంటే, పాపం, ఆ బిడ్డ చల్లగా ఉండాలని నేనూ అనుకున్నా. మొదటి రాయి పెట్టిన రోజు మీరు కొట్టిన కొబ్బరికాయలో ముక్క, బెల్లం గడ్డ నాక్కూడా తెచ్చిచ్చారు. ఆయనకి సగం నోట్లో పెట్టి, సగం నేను తిన్నా."

నరహరి వెనక్కి తిరిగి చూశాడు. అవతలి గట్టున తన ఇల్లు. ఇటునుంచి ఎంత బాగుందో తనకే తెలియదు. దాని మొదట్లోంచి ఆ గోడ, జనంలో దారి చేసుకునేవాడి మోచెయ్యిలా, వాగులోకి చాచుకుని ఉంది. వాగులో చుక్క నీరు లేదు. అయినా నీరు ఎటు వస్తుందో తెలుస్తూనే ఉంది. ఆయన నిలబడిన చోటికే వస్తుంది.

"నాకు తెలియదు నాగూరమ్మా."

"తెలియదని నాకూ తెలుసు సారూ. తెలిస్తే కట్టకపోదురు." పరుపు మడిచి తాడు బిగించింది. "ఇప్పుడు చూశారు గదా. మబ్బులు రాకముందే తీయించండి."

"తీయిస్తాను. మా అబ్బాయి మీద ఒట్టు."

"పిల్లోడి మీద ఒట్టు దేనికి సారూ? రెండు గడ్డపారలు చాలు."

పరుపు నెత్తిన పెట్టుకుని, ఎండలో వంతెన దాటి, బజారు మధ్యగా నడిచి వచ్చాడు నరహరి. వసారాలో దించి, స్తంభానికి ఆనుకుని బావురుమన్నాడు. మాలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఏడ్చినవాడు మారినట్టేనని మనకొక నమ్మకం. రత్తమ్మ గారు పరుపు మాత్రం తడిమి చూసుకుని, "బాగా ఏకింది" అంది.

మర్నాడు ఆయన గడ్డపారల కోసం వెళ్లలేదు. సిద్ధాంతి దగ్గరికి వెళ్లాడు, మంచి రోజు అడగడానికి. గోడ కట్టడానికే కాదు, పడగొట్టడానికి కూడా ముహూర్తం కావాలి మనకు. సిద్ధాంతి పంచాంగం తిప్పి, ఇది మూఢం, నెలాఖరు దాకా ఇంటి జోలికి పోకూడదన్నాడు. నైరుతిలో ఇప్పుడు గడ్డపార దిగితే ఆ దెబ్బ పిల్లవాడికే తగులుతుందన్నాడు. నరహరి చెడ్డవాడని నేననను. కన్నకొడుకు నోట నురగ కక్కుతూ నేల మీద గిలగిల్లాడటం చూసిన తండ్రి. ఆ మాట వింటే ఎవరు గడ్డపార ఎత్తుతారు? కానీ రెండు గట్లకూ ఒకటే వాగు. ఇవతలి గట్టు భయాన్ని ఆయన తూచి చూసుకున్నాడు. అవతలి గట్టుది తక్కెట్లో వెయ్యనే లేదు.

తర్వాతి ఆదివారం వసారాలో అదే చెప్పాడు. "మూఢం వెళ్లగానే తీయించేస్తానమ్మా. మేస్త్రీకి కూడా చెప్పి ఉంచాను."

"నాగూరమ్మకి చెప్పావా?"

"చెబితే బెంగపడుతుందని ఊరుకున్నాను."

"వాగుకి చెప్పావా?"

నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి తలదించుకున్నాడు. ఆ సాయంత్రమే రత్తమ్మ గారు నాగూరమ్మకు కబురంపింది, వానలు కుదుటపడేదాకా వచ్చి నా వసారాలో పడుకో అని. నాగూరమ్మ రాలేదు. నమ్మకం లేక కాదు. "ఆ సారు తీయిస్తానన్నాడు గదా, ఇయ్యాలో రేపో మనుషులొస్తారు. నలుగురి పరుపులు నా ఇంట్లో పెట్టుకుని నేనెక్కడికి పోను?" అని చెప్పి పంపింది. ఆమెను ఆ ఇంట్లో కూర్చోబెట్టింది ఆయన ఇచ్చిన మాటే. ఒట్టు వద్దన్న మనిషి, మాటను మాత్రం నమ్మింది.

మూఢం ఇంకా ఉండగానే వాన పడింది. వడగళ్లతో మొదలై, పైన రోడ్లన్నీ ఏకమై, తుమ్మలవాగు నిండుగా దిగింది. గోడ తన పని తాను చేసింది. దాన్ని కట్టిన మేస్త్రీలు మంచి పనివాళ్లు, ఒక్క రాయి కదల్లేదు. అవతలి గట్టున పచ్చి ఆరని మట్టిగోడలు నానిపోయి కూలాయి. ఈసారి ఇరుగుపొరుగు ముందే కనిపెట్టి ఉండటంతో నాగూరమ్మను ప్రాణాలతో లాగారు. కుడిచెయ్యి మాత్రం కూలిన మట్టిగోడ కింద నలిగిపోయింది. ఆసుపత్రిలో వేళ్లు తీసేశారు. దబ్బనం పట్టేది ఆ చేత్తోనే.

వాన వెలిసిన మర్నాడు నరహరి తానే గడ్డపార పట్టుకుని వాగులోకి దిగాడు. మేస్త్రీ వచ్చేదాకా కూడా ఆగలేదు, పొద్దుగూకేసరికి రాళ్లన్నీ గట్టున పడేశాడు. మూఢం అలాగే ఉంది. పిల్లవాడికేమీ కాలేదు. వేళకు మాత్ర వేసుకుని, మేడమీద నిలబడి తండ్రిని చూస్తూ ఉన్నాడట.

ఆ ఆదివారం ఆయన వసారాలో అందరికంటే వెనక కూర్చున్నాడు. అరచేతులకు గుడ్డలు చుట్టుకుని ఉన్నాయి. నాగూరమ్మను చూసి వచ్చాడని, ఆమె ముఖం గోడవైపు తిప్పుకుందని మాకు ముందే తెలిసింది. అందరూ లేచి వెళ్తుంటే ఆయన లేవలేదు.

"అమ్మా," అన్నాడు చివరికి, "నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు. తెలియక చేసినదానికి..."

రత్తమ్మ గారు ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఆయనకు కాస్త తేలికయ్యేది.

"తెలియక అన్న మాట, నువ్వు పరుపు మోసుకొచ్చిన రోజు దాకా చెల్లుతుంది నాయనా," అంది. "అది మే పదకొండు."