చెవి వెనక చుక్క

మా పేరిందేవి టీచరుగారు, ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. జవాబు కావలసినవాళ్లు ఆవిడ ఎదురుగా చాప మీద కూర్చోవాలి. చేతిలో పని ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగాలి. అప్పుడు ఎవరింట్లోనో ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. అందులో మనకు కావలసింది ఉంటే ఏరుకోవాలి, లేకపోతే మన ఖర్మ. సామర్లకోటలో ఇంటి ముందుగదిలో అద్దం తగిలించుకుని పార్లర్ నడుపుకుంటున్న ఆడవాళ్లలో ఆవిడ శిష్యురాళ్లు కానివాళ్లు తక్కువ. నేనూ శిష్యురాలినే, కానీ సొంతంగా పెట్టుకోలేదు. నా నోటికి కస్టమర్లు నిలవరని టీచరుగారి అభిప్రాయం. అందుకని ఆవిడ దగ్గరే ఉండి, కొత్తగా చేరిన పిల్లలకు కనుబొమలు తీసే దారం పట్టడం నేర్పుతుంటాను. కాబట్టి ఆ రోజు జరిగింది నేను కళ్లారా చూశాను.

శ్రావణమాసం, మధ్యాహ్నం భోజనాలవేళ దాటింది. సత్యవేణి వచ్చి చెప్పులు గుమ్మంలో విసిరేసినంత పని చేసి చాప మీద కూలబడింది. బజారు వెనక వీధిలో సొంతంగా పార్లర్ పెట్టుకున్న పిల్ల అది. మంచి చెయ్యి, కాస్త తొందర మనిషి. టీచరుగారు వ్యాక్సింగుకు పనికొస్తుందని పాత జీను ప్యాంటు ఒకటి పట్టీలుగా కత్తిరిస్తున్నారు. తలెత్తలేదు.

"టీచరుగారండీ, మా ఎదురింట్లో ఒకావిడ పార్లర్ తెరిచిందండి," అంది సత్యవేణి. "నా బోర్డుకంటే పెద్ద బోర్డు కట్టింది. నేను రేటు తగ్గిస్తే తెల్లారేసరికి తనూ తగ్గిస్తుంది. నిన్నమొన్నటిదాకా వేణీ వేణీ అని నా చుట్టూ తిరిగినవాళ్లు తలొంచుకుని అటు పోతున్నారు. ఆఖరికి మా వరహాలత్త కూడానండి, సొంత మేనత్త! రేపటి వ్రతానికి జుట్టు నల్లగా కావాలిట. నేను గోరింటాకే పెడతానన్నానని, ఇవాళ ఎండ తగ్గాక ఆవిడ దగ్గరికే వెళ్తానని నా మొహం మీదే చెప్పింది. ఇలాంటివాళ్ల మధ్య ఎలా నెగ్గుకు రావాలండీ?"

"నువ్వేం చేస్తున్నావు మరి?" అన్నారు టీచరుగారు.

"నాకు తెలిసినవేవీ ఆవిడ చెవిన పడకుండా చూసుకుంటున్నానండి. ఆవిడ ఎక్కడా నేర్చుకోలేదు, ఫోన్లో చూసి చేసేస్తోంది. మీరు నేర్పినవి కూడా తెలిశాయంటే నన్నిక ఎవరు చూస్తారు? చెవి వెనక చుక్క ఎందుకు పెడతానో కూడా నేనెవరికీ చెప్పను. రంగు నప్పుతుందో లేదో చూడ్డానికి అంటాను."

ఈ మాట కాస్త గొప్పగానే చెప్పుకుంది. కత్తెర ఆగిపోయింది.

ఆ చుక్క సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. జుట్టుకు రంగు వేసే ముందురోజు ఆ రంగే చిటికెడు కలిపి, చెవి వెనక చుక్క పెట్టి పంపుతాం. కొందరి ఒంటికి అది పడదు. మర్నాటికి అక్కడ ఎర్రబడినా, దురద పెట్టినా, వాచినా ఇక ఆ మనిషికి జన్మలో ఆ రంగు ముట్టించకూడదు. దారం చేతికివ్వకముందే టీచరుగారు నేర్పే పాఠం ఇది.

"తునిలో లోవలక్ష్మి అని ఒకత్తి ఉండేది," అన్నారు టీచరుగారు కత్తెర పక్కన పెట్టి. "నీలాగే మంచి చెయ్యి."

ఆవిడ చెప్పింది ఇది.

లోవలక్ష్మి ఇల్లు రైల్వే గేటు అవతల ఒక సన్నని సందులో. ఇటు గుమ్మంలో నిలబడి అటు గుమ్మంలో వాళ్లకు కాఫీ గ్లాసు అందించవచ్చు, అంత ఇరుకు. మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు, తెచ్చేది తాగుడుకు చాలదు. ఇల్లు గడిచేది ఆ ముందుగది మీదే. ఆ సందులో ఆడవాళ్ల తలలన్నీ చాలాకాలం ఆవిడ చేతికిందే ఉండేవి. అలాంటి చోట ఎదురింటి కోడలు సునీత కూడా పార్లర్ తెరిచింది. చిన్నపిల్లల తల్లి, ఆ అమ్మాయికీ గడవాలి కదా. కానీ మన పొట్ట మీద కొడుతున్నారని అనిపించినప్పుడు ఎదుటివాళ్ల పొట్ట ఎవరికి కనబడుతుంది?

మొదట మాటలు నడిచాయి. అందరికీ ఒకటే తువ్వాలు వాడుతుందని ఇటునుంచి, పాడైపోయిన క్రీములు పూస్తుందని అటునుంచి. తర్వాత సునీత ఒక ఎత్తు వేసింది. మా దగ్గర చుక్కలూ గిక్కలూ లేవు, వచ్చిన పూటే రంగు అంది. సందులో వాళ్లకు ఇది బ్రహ్మాండంగా నచ్చింది. ఒక పనికి రెండుసార్లు తిరగడం ఎవరికిష్టం? పైగా ఆ చుక్క ఎందుకో లోవలక్ష్మి ఒక్కరికీ చెప్పి ఉండలేదు. అడిగితే, "రంగు నప్పాలి కదండీ," అని నవ్వేసేది. నిజం చెబితే సందు దాటుతుంది. సందు దాటితే సునీత నేర్చుకుంటుంది. నేర్చుకుంటే ఇక తనకు మిగిలేదేముందని ఆవిడ భయం.

ఆ సందులోనే మిషను కుట్టుకునే అమ్మాజీ అని ఉండేది. పెళ్లీడు కూతురుంది. అమ్మాజీకి లోవలక్ష్మి ఒకసారి చుక్క పెట్టి పంపితే, మర్నాటికి చెవి వెనక రేగుపండంత వాచింది. "దోమేదో కుట్టినట్టుందే," అంది అమ్మాజీ. లోవలక్ష్మి కాదనలేదు. "మీ జుట్టుకు గోరింటాకే అందమండీ," అంది. అప్పటినుంచీ గోరింటాకే పెడుతూ వచ్చింది. అక్కడికి తన బాధ్యత తీరిందనుకుంది. అమ్మాజీకేమో ఆ ఎర్రజుట్టంటే చచ్చేంత నామోషీ. పెళ్లిళ్లలో ఆడపడుచులు కోడిపుంజు వచ్చిందర్రా అని ఎగతాళి చేసేవారట.

ఆ ఆడపడుచుల ఇంట్లోనే పెళ్లి వచ్చింది. ఈసారి నల్లజుట్టుతో వెళ్లి తీరాలని అమ్మాజీ పట్టుబట్టింది. పెళ్లికి ముందు ఒక పొద్దున్న లోవలక్ష్మి గుమ్మం ఊడుస్తూ తలెత్తి చూస్తే, ఎదురింటి అరుగు మీద అమ్మాజీ భుజాల చుట్టూ పాత తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన సునీత గిన్నెలో నల్లరంగు కలుపుతోంది. అమ్మాజీ చూపు కలపలేక కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి తనే పలకరించింది.

"ఈ ఒక్కసారికేనే లోవా. ఏమీ అనుకోకు."

"నేనేమనుకుంటానండీ, కానివ్వండి," అంది లోవలక్ష్మి. చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఎందుకలా వెళ్లిపోయావని తర్వాత టీచరుగారే అడిగారట. చెబితే కుళ్లుతో చెప్పానంటారని ఊరుకున్నానండీ అందట. అంతేనా అని మళ్లీ అడిగారట. అప్పుడు లోవలక్ష్మి అసలు సంగతి చెప్పింది. "ఒక్క చెంప వాస్తే చాలనుకున్నానండి. నాలుగు రోజులకు తగ్గిపోతుంది, సందుకు బుద్ధొస్తుంది అనుకున్నాను."

ఆవిడ కోరుకున్నది ఒక్క చెంప. ఈ మాట చెప్పేటప్పుడు టీచరుగారు తన చెంప మీద వేలు పెట్టి చూపించారు.

రంగు ఆరకముందే అమ్మాజీ తల చురుక్కుమంటోందంది. కొత్త కదండీ, అలాగే ఉంటుందంది సునీత. ఆ పిల్లకేం తెలుసు? తల కడిగేసరికి కనురెప్పలు మూసుకుపోయాయి, పెదవులు వాచాయి. ఆ తర్వాత గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. సునీత కేకలు విని అందరికంటే ముందు పరిగెత్తింది లోవలక్ష్మే. ఆ మాట టీచరుగారు దాచలేదు. తనే ఆటో పిలిచి, తనే ఎక్కించి, అమ్మాజీ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో సందు మలుపు తిరిగేసరికి రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఆ సందులో పుట్టి పెరిగినవాళ్లకు ఆ గేటు సంగతి కొత్తేమీ కాదు, ఆటో అబ్బాయి హారన్ కొట్టడం కూడా మానేశాడు. బండి వెళ్లి గేటు లేచేసరికి ఇక తొందర లేకపోయింది. అమ్మాజీ తడిజుట్టు రంగు లోవలక్ష్మి చీరంతా అంటుకుంది.

సునీతను పోలీసులు తీసుకెళ్లారు. "నాకెవరూ చెప్పలేదండీ," అన్న ఒక్క మాటే ఆ పిల్ల స్టేషన్లో తిప్పి తిప్పి చెప్పిందట. ఎవరు చెబుతారు, నీకు నువ్వు తెలుసుకోవద్దా అని అందరూ తిట్టారు. ఆ తిట్టే గుంపులో లోవలక్ష్మి కూడా నిలబడి ఉంది. అత్తవారు ఆ ముందుగదికి తాళం వేసి, సునీతను పిల్లలతో సహా పుట్టింటికి పంపేశారు. బోర్డు ఊడదీశారు. మేము తప్పు చేశామే లోవా అనుకుంటూ సందులో ఆడవాళ్లంతా ఒక్కొక్కరే తిరిగొచ్చారు. లోవలక్ష్మికి తీరికలేనంత పని. ఎదురుగా పోటీ అన్నది లేదు. నెగ్గింది.

తల్లి పోయిన ఏడాదిలోపు పెళ్లి చేసేయాలి, లేకపోతే ఇంకా ఆగాలి అంటారు కదా, అమ్మాజీ కూతురు రోహిణికి ముహూర్తం పెట్టేశారు. ఆ పిల్ల కూడా లోవలక్ష్మి దగ్గరికే వచ్చింది. జుట్టు చివర్లకు కాస్త రంగు కావాలంది. లోవలక్ష్మి అలవాటు ప్రకారం రంగు కలిపి, జడ పక్కకు తీసి, చెవి వెనక చుక్క పెట్టింది. రోహిణి అద్దంలోంచి చూస్తూ అడిగింది.

"అమ్మకీ ఒకసారి ఇలాగే పెట్టారు కదాంటీ. వాస్తే దోమ కుట్టిందనుకున్నాం. ఈ చుక్క అసలు ఎందుకాంటీ?"

రంగు నప్పుతుందో లేదో చూడ్డానికని ఊరందరికీ చెప్పిన నోరు ఆ పూట పెగల్లేదు. కుంచె చేతిలోనే ఉంది. ఆ పిల్ల అద్దంలోంచి లోవలక్ష్మి మొహం చూస్తూనే ఉంది. అలా చూస్తూ చూస్తూ ఉండగానే ఆ పిల్లకు అర్థమైపోయింది. చున్నీ చివరతో చెవి వెనక చుక్క తుడిచేసుకుని, కుర్చీ దిగి వెళ్లిపోయింది. మర్నాడు లోవలక్ష్మి అద్దం దించేసి, కట్టుబట్టలతో టీచరుగారి దగ్గరికొచ్చి కూర్చుంది. ఇదంతా ఆవిడ చెప్పుకున్నది అప్పుడే.

టీచరుగారు మళ్లీ కత్తెర అందుకున్నారు. నాకు నోరు ఊరుకోదు కదా, ఆ రోహిణి ఎవరికైనా చెప్పిందాండీ, ఆ సునీత ఏమైందండీ అని అడిగాను. నా వంక చూడను కూడా లేదు. ఆవిడ చూస్తున్నది సత్యవేణిని.

సత్యవేణి మొహంలో నెత్తురుచుక్క లేదు. "టీచరుగారండీ," అంది. "మా వరహాలత్తకి చుక్క పెడితే వాచిందండి. అందుకే గోరింటాకు అన్నాను. ఎందుకో చెప్పలేదండి నేను."

గబగబా ఫోను తీసి అత్తకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. నిన్న మాటా మాటా అనుకున్నామండీ, ఎత్తదు అంది.

"ఎదురింటావిడకే చెయ్యవే, మొద్దూ," అన్నాను నేను.

"నంబరు లేదక్కా." కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "ఆవిడ పేరు కూడా నాకు తెలీదు."

టీచరుగారు తిట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి పెరటిగోడ వంక చూశారు. గోడ మీద వెలుగు సగానికి పైగా జారిపోయి ఉంది.

"ఎండ తగ్గుతోందమ్మాయ్," అన్నారు.