దారిలో ఉన్న మందు

చిన్న కథే. టీ చల్లారేలోపు అయిపోతుంది. మోకాలి చిప్ప విరిగిన సూరాయమ్మతో మొదలవుతుంది. పక్కింటివాళ్ల పోట్లాట సరిగా వినబడటం లేదని ఆవిడ పీట మీద పీట వేసి గోడ పట్టుకుంది. కింద పడ్డాక వాళ్లే పోట్లాట ఆపి ఆవిణ్ణి ఆటో ఎక్కించారు. ఆటో మలుపు తిరిగాక మిగతాది పూర్తి చేసుకున్నారు. సరే, అది వేరే సంగతి.

అసలు కథ డాక్టర్ జోయెల్‌ది. ఎముకల ఆపరేషన్లలో ఇన్నాళ్లూ గురువు పరాంకుశం గారి పక్కన నిలబడి పనిముట్లు అందించినవాడు. కత్తి తన చేతికి రావడం ఆ పొద్దునే మొదలు. ఆ మాట ఆసుపత్రి కాపలా మనిషికి కూడా చెప్పుకున్నాడు.

ఆ హుషారులో సూరాయమ్మ తొడకు రక్తం ఆపే పట్టీ బిగించేశాడు. చీము పట్టకుండా అంతకు ముందే ఇవ్వాల్సిన ఇంజెక్షన్ అప్పుడు గుర్తొచ్చింది. గబగబా చేతి నరంలోకి ఎక్కించాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

పరాంకుశం గారు చేతులు కడుక్కుని వచ్చారు.

"ఇంజెక్షన్ అయిందా?"

"అయింది సార్."

ఆయన పట్టీ వంక చూశారు. "ముందు ఏది?"

జోయెల్ వాడిన సూదిని ట్రేలో సర్దసాగాడు.

"పట్టీ వదులు చెయ్యమ్మా" అని నర్సుకు చెప్పి, ఆయన స్టూలు మీద కూర్చున్నారు. గదంతా ఆగిపోయింది. మాస్కు తనకు అంత ఉపకారం చేస్తుందని జోయెల్ ఎన్నడూ అనుకోలేదు.

మత్తు నడుము కిందికే ఇచ్చారు. సూరాయమ్మ నోటికి ఇవ్వలేదు.

"ఎవరి కోసం ఆగారు నాయనా?" అంది తెర అవతలి నుంచి.

"మందు కోసమమ్మా" అన్నారు పరాంకుశం గారు.

"ఇందాక చేతికి గుచ్చారుగా?"

"గుచ్చారు. కాలికి ఇంకా చేరలేదు. పట్టీ ముందే బిగిస్తే రక్తంతో పాటు మందూ పైనే ఆగిపోతుంది."

"ఎవరు బిగించింది?"

"నేనేనమ్మా."

జోయెల్ చెవులు కాలిపోయాయి. నలుగురిలో తిట్టినా బాగుండేది. తెర దగ్గరికి వెళ్లాడు.

"ఆయన కాదు పెద్దమ్మా, నేను. ఇంజెక్షన్ మరిచిపోయి పట్టీ కట్టాను. పైగా దాచాను."

ఇక కత్తి గురువుగారిదేనని నర్సు అనుకుంది. జోయెల్ కూడా అదే అనుకున్నాడు.

"అయితే ఈ అబ్బాయే కొయ్యాలి" అంది సూరాయమ్మ. "అంత వయసొచ్చి అబద్ధమాడే మనిషి చేత నేను కోయించుకోను."

పరాంకుశం గారు గడియారం చూశారు. మందు చేరి ఉంటుందని, పట్టీ మళ్లీ బిగించమన్నారు. కత్తి జోయెల్‌కే ఇప్పించి, తాను అందించే వైపుకు వెళ్లి నిలబడ్డారు.