వలపటి ఎద్దు నడక

ఏటికి ఆవల, కొండవాలులో ఒక బీడు. కాడి దించేసిన ముసలి పశువులన్నీ అక్కడే మేసేవి. వాటిలో సాలయ్య అనే ఎద్దు ఉండేవాడు. పద్దెనిమిదేళ్లు నాగలికి వలపట, అంటే కుడివైపున, నడిచినవాడు. అతని దాపటి ఎద్దు, అంటే ఎడమవైపు జోడు, పోయి మూడేళ్లయింది.

ఈమధ్య సాలయ్యకు మతిమరుపు మొదలైంది. మొదట్లో తనే నవ్వుకున్నాడు. ఒకరోజు ఏటికి వెళ్లి, నీళ్లు తాగానా లేదా అని అక్కడే నిలబడిపోయాడు. తిరిగి వచ్చే బాట గుర్తు రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అలాగే నిలుచున్నాడు. దారులన్నీ ఇలాగే ఒక్కొక్కటీ పోతే ఇక తనకు మిగిలేదేమిటని భయం పట్టుకుంది.

ఆ భయాన్ని జిత్తయ్య అనే నక్క వాసన పట్టింది. నక్కవినయాలని పెద్దలు ఊరికే అనలేదు. వచ్చి ఎద్దు కాళ్ల దగ్గర కూర్చుంది.

"మామా, నీకు మతి నిలవడం లేదు. తిరిగితే ఏ ఊబిలోనో పడతావు. కదలకుండా కూర్చో. గడ్డి నేను పంపిస్తాను."

సాలయ్య నమ్మాడు. భయపడ్డవాడికి కూర్చోమన్నవాడే దేవుడు. కుందేళ్ల చేత రోజూ రెండు పరకలు వచ్చేవి. పది రోజులకు మోకాళ్లు బిగుసుకున్నాయి. మతి బాగుపడిందా అంటే అదీ లేదు, ఇంకా మందగించింది. నక్క మాత్రం పొద్దున్నే వచ్చి, ఇక లేవలేని రోజు ఎప్పుడొస్తుందా అని అతని కాళ్ల వంక చూసి పోయేది.

మూటలు మోసే గాడిద వీరమ్మ ఆ దారిన పోతూ ఇది చూసింది. ఏమైందని అడిగితే సాలయ్య తన భయమంతా చెప్పుకున్నాడు.

"కూర్చుని తింటే కొండలే కరుగుతాయి, నీ కాళ్లెంత అన్నా? లే, ఏటిదాకా పోయి వద్దాం."

"దారి మరిచిపోతే?"

"దారి నాకు గుర్తుంటుందిలే. నువ్వు నడువు."

ఏమీ అనుకోకుండానే ఆమె అతని ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. దాపట ఒకరున్నారని తెలియగానే సాలయ్య కాళ్లు వాటంతటవే కదిలాయి. మొదటి రోజు సగం దూరమే. నెల తిరిగేసరికి ఏరు దాటి గట్టెక్కి వచ్చేవాడు. పేర్లు మరిచిపోతూనే ఉన్నాడు, కానీ ఆకలి వేసేది, నిద్ర పట్టేది, భయం కాస్త నెమ్మదించింది.

నక్కకు నోటికాడి కూడు పోయినట్టయింది. ఒకరోజు యజమాని వీరమ్మను తెల్లవారకముందే రేవుకు తోలుకుపోయాడు. అదే అదనుగా జిత్తయ్య వచ్చింది.

"వీరమ్మ ఇక రాదు మామా. ఇకమీదట నేనే తోడు. నిన్న నువ్వే ఒప్పుకున్నావు గదా, అదీ మరిచిపోయావా?"

ఎంత వెతికినా సాలయ్యకు నిన్నటి రోజు దొరకలేదు. ఒప్పుకోలేదు అనడానికి ధైర్యం చాలలేదు, మరిచిపోయాననడానికి సిగ్గు. తలూపి బయల్దేరాడు.

నక్క వేరే బాట పట్టించింది. ఎడమ పక్కంతా గడ్డి కప్పుకున్న ఊబి. ఎద్దును అందులోకి నెట్టాలని తాను కుడిపక్కన చేరింది. అక్కడే పప్పులో కాలేసింది. దున్నేవాళ్ల సంగతి దానికేం తెలుసు? వలపటి ఎద్దుకు జన్మలో కుడిపక్క తోడుండదు.

సాలయ్యకు ఒళ్లంతా కంగారుగా ఉంది. ఏది తప్పో తెలియలేదు, ఏదో తప్పని మాత్రం తెలిసింది. ఆగిపోయాడు. నక్క భుజంతో నెట్టింది. నెల కిందటైతే ఆ తోపుకే కూలిపోయేవాడు. ఇప్పుడు కాళ్లు కదల్లేదు.

"నీ పక్క ఇది కాదు అల్లుడూ, దాపటికి రా" అంటూ, ఒక అడుగు వెనక్కి వేసి, నక్క వెనకనుంచి కుడివైపుకు చుట్టి వచ్చి, జోడెద్దును సర్దినట్టు పక్కతో ఒక్క సర్దు సర్దాడు. జిత్తయ్య ఎగిరి ఊబిలో పడింది.

నడుము దాకా దిగబడి, తోక అందించమని, మనం నేస్తాలమని ఏడ్చింది.

"బురదలో ఉంటానని నిన్న నువ్వే ఒప్పుకున్నావు గదా అల్లుడూ, మరిచిపోయావా?" అన్నాడు సాలయ్య.

వెనక్కి తిరిగితే బాట తెలియలేదు. మళ్లీ అదే భయం. కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు. ఏటి వైపు నుంచి వీరమ్మ ఓండ్ర వినిపించేదాకా నడుస్తూనే ఉన్నాడు.

నీతి: మతి తడబడితే తోడు వెతుక్కో, కాళ్లు మాత్రం ముడుచుకోకు.