ఎండని మడి

పూర్వం ఒక సముద్రతీరాన, కూలి పెంచమని అడిగిన సింహాద్రి మాయమయ్యాడు. ‘‘పారిపోయాడు’’ అన్నాడు ఉప్పుమడుల దొర.

సింహాద్రి పెళ్ళాం నూకాలు ఏడవలేదు. చెంబు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి దొర ముందు పెట్టింది.

‘‘ఉప్పు కనబడుతోందా దొరా?’’

‘‘కరిగిపోయిందిగా!’’

‘‘కరిగింది గానీ పోలేదు. ఎండ కాస్తే పైకొస్తుంది. మా ఆయనా అంతే. మడి ఎండిన రోజున లేచి కూర్చుంటాడు.’’

‘‘పిచ్చిదానా!’’ అని దొర నవ్వాడు.

ఆమె రోజూ రెండు కంచాల్లో అన్నం వడ్డించుకుని గట్టు మీద కూర్చునేది. వారం ఎండకు నలభై మడుల్లో ముప్పైతొమ్మిది తెల్లబడ్డాయి. మూల మడి ఒక్కటే ఎండలేదు.

‘‘రోజూ దానికి నీళ్ళు పెట్టమంటున్నాడు దొర’’ అన్నారు కూలీలు.

నూకాలు వాళ్ళందరితో దొర గడప తొక్కింది.

‘‘ఏ మడో నేను చెప్పలేదు. నువ్వే చూపించావు. పార అందుకో, తవ్వుదువుగాని.’’