కరక్కాయకు మూడు పేర్లు

చంద్రమౌళికి ఒక మాటను రెండోసారి రాయాలంటే చెయ్యి వచ్చేది కాదు.

కొండకింది మఠానికి రాకముందు అతను కొన్నేళ్ళు కావ్యాలూ అలంకారశాస్త్రమూ చదువుకున్నాడు. చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం పెద్ద దోషమని అక్కడి పంతుళ్ళు అతని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. ఆ చదువు ఆగిపోయినా అలవాటు మాత్రం పోలేదు. వంటశాలకు సరుకులు రాసినా సరే, ఒకచోట బియ్యం అంటే ఇంకోచోట తండులాలు అనేవాడు. వంట చేసే గుండయ్య అది పట్టుకుని మఠమంతా తిరిగి, ఈ తండులాలు ఏ అంగట్లో దొరుకుతాయని అందరినీ అడిగేవాడు.

మఠం పెద్ద కరిబసవ స్వామి వైద్యం బాగా తెలిసినవారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు జబ్బు చేస్తే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు మందు ఎలా వాడాలో కాగితం మీద రాసిచ్చి పంపేవారు. కళ్ళు మసకబారాక ఆ పని చంద్రమౌళికి అప్పగించారు.

"ఇంట్లోవాళ్ళకు తెలిసేటట్టు రాయి, నాయనా," అన్నారు ఆ రోజున. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

చంద్రమౌళి ఆ పనిని ఎంతో ఇష్టంగా చేశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. రాసింది పైకి చదువుకుని, ఏ మాటా రెండోసారి రాలేదని తేలాక గాని చేతికిచ్చేవాడు కాదు. నిజం చెప్పాలంటే అతనిలో గర్వం కంటే ముచ్చటే ఎక్కువ. అందుకే అతన్ని తిట్టాలంటే నాకు మనసు రాదు.

ఒకరోజు పొద్దున్నే గొర్రెలు మేపుకునే ఈరమ్మ ఎద్దులబండిలో భర్తను తీసుకొచ్చింది. అతని పేరు ఓబయ్య. కడుపు జబ్బు. పోయిన వారం ఈరమ్మ ఒక్కతే వచ్చి, స్వామితో మందు చెప్పించుకుని, చంద్రమౌళి రాసిన కాగితం కొంగున ముడేసుకుని వెళ్ళింది. ఇప్పుడు ఓబయ్యకు బండిలో లేచి కూచునే ఓపిక కూడా లేదు.

"గుణం కనపడలేదా అమ్మా?" అన్నారు స్వామి, నాడి పట్టి చూస్తూ.

"మొదటిరోజు బాగుండె సామీ. కరక్కాయ పొడి మజ్జిగలో ఇయ్యమని కాగితంలో ఉంటే ఇచ్చినాము. లేచి రెండు ముద్దలు తిన్యాడు గూడా. రెండోరోజు అభయ ఇయ్యమని ఉందని మా బడిపంతులు చదివి చెప్పినాడు. అదేందో మాకు తెలీకపాయె. ఊళ్ళో అందరూ ఆలోచన చేసి, ఆంజనేయసామి గుడికి మోసుకపోయి పూజారితో అభయం ఇప్పిచ్చినాము."

పక్కనే ఉన్న గుండయ్యకు నవ్వు ముంచుకొచ్చింది. బండిలో మనిషిని చూసి మింగేశాడు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత జబ్బు తగ్గేదాకా పథ్య తప్పగూడదని రాసుందంట. ఉప్పూ కారం లేకుండా గంజినీళ్ళు పోస్తా వచ్చినాము. ఒక్క పూట గూడా తప్పలేదు సామీ, దేవుని మీద ఒట్టు." తప్పు తనే చేసినట్టు ఆమె చేతులు జోడించింది.

స్వామి ఆమెను కాళ్ళు కడుక్కుని రమ్మని బావి దగ్గరికి పంపారు. ఆమె అటు వెళ్ళగానే చంద్రమౌళి గబగబా దగ్గరికొచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"స్వామీ, అభయ అన్నా, పథ్య అన్నా కరక్కాయే గదా! కావాలంటే నిఘంటువు తీసి చూపిస్తాను. మూడు వాక్యాల్లో మూడుసార్లు కరక్కాయ, కరక్కాయ అని రాస్తే ఏం బాగుంటుంది? అర్థం ఒకటే. ఆ పంతులికి ఆమాత్రం తెలియకపోతే నేనేం చెయ్యను?"

అనడమైతే అనేశాడు గాని బండివైపు చూడలేకపోయాడు.

"చదివించుకుని వినకుండా పంపాను. నాదీ తప్పే," అన్నారు స్వామి. అతన్ని ఒక్క మాట అనలేదు. ఓబయ్యను అరుగు మీద పడుకోబెట్టించారు. లోపలికి వెళ్ళి తన చేత్తోనే మందు కలిపి తెచ్చి, కొంచెం కొంచెంగా తాగించారు.

"ఈ మందు కడుపులో నిలిస్తే బతుకుతాడు," అని లేచారు.

ఆ పూట చంద్రమౌళి ఏ పనీ చెయ్యలేకపోయాడు. అరుగు వైపు వెళ్ళడం, దగ్గరిదాకా పోకుండానే తిరిగి రావడం, ఇదే పని.

ఆ మఠంలో మధ్యాహ్నం అన్నం స్వామే వడ్డిస్తారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. పిలిచినవాళ్ళు పళ్ళెం పట్టుకుని వెళ్ళాలి. పిలుపు రాకుండా ఎవరూ లేవరు.

"రుద్రయ్యా!"

రుద్రయ్య వెళ్ళి పెట్టించుకున్నాడు.

"ఇందుశేఖరా!"

ఎవరూ లేవలేదు. కొత్తవాళ్ళెవరైనా వచ్చారేమోనని అందరూ గుమ్మంవైపు చూశారు. చంద్రమౌళి కూడా చూశాడు. స్వామి కాసేపు ఆగి, "చెన్నప్పా!" అన్నారు. చెన్నప్ప వెళ్ళాడు.

"శశిమౌళీ!"

మళ్ళీ అంతే. గుండయ్య వంతు వచ్చింది, అయింది.

"సోమశేఖరా!" అని పిలిచి ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు చూశారు స్వామి.

"కళ్ళతో పాటు జ్ఞాపకం కూడా తగ్గుతోంది పాపం," అని చెన్నప్ప చిన్నగా గొణిగాడు.

స్వామి అన్నం గిన్నె మీద మూత పెట్టేశారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని చంద్రమౌళికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అందరూ తింటున్నారు. ఉండబట్టలేక ఖాళీ పళ్ళెంతో దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, నన్ను మరిచిపోయారు."

"మరిచిపోలేదు నాయనా. మూడుసార్లు పిలిచాను."

"నా పేరు నాకు వినపడలేదే!"

"ఇందుశేఖరా అన్నాను. శశిమౌళీ అన్నాను. సోమశేఖరా అన్నాను. అర్థం ఒకటే గదా."

చంద్రుడికి ఎన్ని పేర్లున్నాయో ఆ మఠంలో అందరికంటే బాగా తెలిసినవాడు చంద్రమౌళే.

స్వామి మూత తీశారు. ఒక మనిషికి సరిపడా అన్నం అలాగే ఉంది.

"చంద్రమౌళీ, రా," అన్నారు, ఎంతో ప్రేమగా.

అతను పెట్టించుకున్నాడు గాని తినలేకపోయాడు. పళ్ళెం మీద ఆకు కప్పి పక్కన పెట్టి, అరుగు దగ్గరికి నడిచాడు. ఈసారి మధ్యలో తిరిగి రాలేదు.

ఓబయ్య నిద్రపోతున్నాడు. మందు కడుపులో నిలిచింది. మొహం కాస్త తేటపడింది. తలదగ్గర కూచుని ఈరమ్మ విసనకర్రతో విసురుతోంది.

"అమ్మా, తప్పు మీది కాదు. నాది," అన్నాడు చంద్రమౌళి. "అభయ అంటే కరక్కాయ. పథ్య అని రాశానే, అది కూడా కరక్కాయే. రోజూ కరక్కాయే ఇవ్వమని స్వామి చెప్పారు. నేనే ఆ మాట మళ్ళీ రాయలేదు."

ఆమె కేకలేస్తే బాగుండుననుకున్నాడు. ఆమెకు కోపం రాలేదు. అర్థం కానట్టు అతని మొహంలోకి చూసింది.

"కరక్కాయనా సామీ? మొదటిరోజు దంచిన పొడి ఇంకా ముంతెడు ఉండె గదా. ఆయన తలాపునే పెట్టుకొని ఉంటిమి."

చంద్రమౌళి ఆమె చేతిలోని విసనకర్ర తీసుకున్నాడు. ఓబయ్య పక్కన నేల మీద కూచుని విసరసాగాడు.