కొండమీది ఏడు పెట్టెలు

ఒక కొండమీద రాతి గని ఉండేది. రాయి అయిపోయింది, గని మూతపడింది. యజమానులు యంత్రాలు విప్పుకొని వెళ్ళిపోయారు. రాయి కొట్టిన నలభై ఇళ్ళవాళ్ళు మాత్రం అక్కడే మిగిలిపోయారు. గాలి వీచినప్పుడల్లా గని గోతిలోంచి తెల్లటి దుమ్ము లేచి ఇళ్ళ కప్పులమీద, ఆరేసిన బట్టలమీద, పిల్లల కనురెప్పలమీద వాలేది. ఆ నేలలో గడ్డి కూడా మనసుపెట్టి మొలిచేది కాదు.

ఆ నలభై ఇళ్ళకీ మధ్యాహ్నం అన్నం పెట్టే మనిషి ఒకామె ఉంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకి ఏదో ఉండే ఉంటుంది గానీ అందరూ గరిటెమ్మ అనే పిలిచేవారు. దిగువ ఊళ్ళలోని దయగలవాళ్ళు నెలకి మూడు బళ్ళ బియ్యం పంపేవారు. ఆమె వండేది, వడ్డించేది. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని పదకొండేళ్ళలో ఒక్కరినీ అడిగింది లేదు. ఆకలితో వచ్చినవాడిని మాటతో ఆపకూడదని ఆమె పట్టుదల.

ఒకరోజు వరసలో నూకరత్నం వంతు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల కంచం మోయలేకపోతే తల్లి కింద చెయ్యి పెట్టింది. ఇప్పుడు గరిటెమ్మకంటే జానెడు ఎత్తు.

"ఈ పూట వద్దమ్మా" అంది నూకరత్నం.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. అందుకే వద్దు."

గరిటెమ్మకి అర్థం కాలేదు. నూకరత్నం పక్కకి తిరిగి, చింతచెట్టు మోడు దగ్గర కూర్చున్న తన ఈడువాళ్ళని చూపించింది. "ఇటుక బట్టీల మేస్త్రి వచ్చే వారం లారీ తెస్తానన్నాడు. మేం ఏడుగురం పోతున్నాం."

అంతకుముందు బట్టీలకి పోయినవాళ్ళు ఎలా తిరిగొచ్చారో గరిటెమ్మకి తెలుసు. ఇద్దరు దగ్గుతో వచ్చారు. ఒకడు అసలు రాలేదు.

"ఎందుకే పోవడం? నేను పెడుతున్నానుగా?"

"నువ్వు పెడుతున్నావు. మేం తింటున్నాం. తిన్నాక ఏం చెయ్యాలమ్మా?"

ఆ మాట ఆమెకి దెబ్బలా తగిలింది. మొదట కోపం వచ్చింది. పదకొండేళ్ళు పొగలో కళ్ళు పోగొట్టుకున్నందుకు ఇదా అనుకుంది. సాయంత్రానికి కోపం పోయి భయం మిగిలింది. ఆ పిల్ల అడిగినదానికి తన దగ్గర జవాబు లేదు మరి.

కొండ దిగితే లోయలో పెట్టెలాయన ఉండేవాడు. ఆయన తేనెటీగల పెట్టెలు అరువిచ్చేవాడు. ఈగలతో నిండిన పెట్టె పట్టుకుపోయి పెంచుకోవాలి. తేనె పెంచినవాళ్ళది. రెండేళ్ళు తిరిగేసరికి మాత్రం ఈగలతో నిండిన పెట్టె ఆయనకి తిరిగి అందాలి. అది ఇంకొకరికి పోతుంది. పూలు పూసే సొంత పొలం ఉన్నవాడికే ఆయన పెట్టె ఇచ్చేవాడు. పోగొట్టుకున్నవాడికి రెండోది ఇచ్చేవాడు కాదు.

మర్నాడు పొద్దున్నే గరిటెమ్మ ఆయన గుమ్మంలో నిలబడింది. "మా పిల్లలకి ఏడు పెట్టెలు కావాలయ్యా" అంది.

"మీ కొండమీద పువ్వు ఉందా అమ్మా?"

"లేదు."

"మరి నన్నేం చెయ్యమంటారు? నేను మీలా దానం చేసే మనిషిని కాను. మొదట్లో నేనూ ఊరికే ఇచ్చి చూశాను. ఆ పెట్టెల్లో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి."

"పొలం చూసి ఇచ్చినవన్నీ బాగున్నాయా?"

పెట్టెలాయన మీసం దువ్వుకున్నాడు. "మూడింట ఒకటి పోతోంది" అని ఒప్పుకున్నాడు. "తీసుకెళ్ళి పశువుల కొట్టం వెనక పడేస్తారు. చీమలు పట్టినా చూడరు."

"వాళ్ళకి పొలం ఉంది, ఓపిక లేదు. మా వాళ్ళకి ఓపిక ఉంది, పొలం లేదు."

"ఈగలు ఓపికని తినవమ్మా!"

"తినవు. పూలు నేను మొలిపిస్తాను. పిల్లలు ఎలాంటివాళ్ళో కూడా చెప్తాను. పదకొండేళ్ళుగా వాళ్ళ కంచాలు చూస్తున్నాను. తనకి పెట్టింది పక్కవాడికి ఎవరు తీసి పెడతారో, పెట్టింది దాచుకొని మళ్ళీ ఎవరు అడుగుతారో నాకు తెలిసినంత మీకు తెలియదు. మీకు ఈగల సంగతి తెలుసు. నాకు మనుషుల సంగతి తెలుసు. నేనొక్కదాన్నే ఉంటే వాళ్ళు నా గుమ్మం దగ్గరే ముసలివాళ్ళైపోతారు. మీరొక్కరే ఉంటే వాళ్ళు మీ గుమ్మం కూడా ఎక్కలేరు."

ఆయన ఆమెతోపాటు కొండెక్కాడు. దుమ్ము చూశాడు. మోడు చూశాడు. ఏడుగురినీ వరసగా నిలబెట్టి చేతులు చూశాడు. చివరికి, "వానలు పడగానే విత్తండి. పువ్వు కనిపించిన రోజున పెట్టెలు వస్తాయి" అన్నాడు.

లారీ వచ్చింది. ఖాళీగా తిరిగిపోయింది.

విత్తనాలు కావాలి. మంచి మన్ను కావాలి. గరిటెమ్మ దిగువ ఊళ్ళకి కబురు పెట్టింది. ఈ వానాకాలం మూడు బళ్ళలో ఒకటి బియ్యం బదులు మన్నూ, వలిసె గింజలూ, గుమ్మడి గింజలూ, మునగ కొమ్మలూ పంపమంది. రెండు గరిటెల అన్నం గరిటెన్నర అయింది.

ఆ తగ్గిన అర గరిటె కొండంతా రగిలింది. అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు పోలయ్య తాత. గనిలో ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి. కంచం ఎత్తి చూపించి, "మా నోటి దగ్గర కూడు తీసి ఈగలకి పెడతావా గరిటెమ్మా?" అని అందరి ముందూ అడిగాడు.

ఆమె తన వంతు అన్నం తెచ్చి ఆయన కంచంలో పెట్టింది. ఆయన దాన్ని తినకుండా వదిలేసి పోయాడు. ఆమె బతుకులో ఒకరు తన అన్నాన్ని వదిలేయడం ఇది రెండోసారి.

ఏడుగురూ గోతి అంచున గుంటలు తవ్వారు. కార్తీకంలో వలిసె పూసింది. తెల్లటి కొండమీద ఒక చివర పసుపు రాసినట్టు కనిపించింది. పెట్టెలాయన మాట తప్పలేదు. ఏడు పెట్టెల మూతులకీ గడ్డి కుక్కి, పొద్దెక్కకముందే బండిమీద తెచ్చాడు. పొగ ఎలా పెట్టాలో, రాణి ఈగని ఎలా గుర్తుపట్టాలో, చీమలు ఎక్కకుండా పెట్టెల కాళ్ళ కింద నీళ్ళ మూకుళ్ళు ఎలా పెట్టాలో నేర్పాడు. ఎరకయ్య అనే కుర్రాడు మొదటిరోజే పెదవిమీద కుట్టించుకొని వారంపాటు నవ్వినా ఏడ్చినా ఒకేలా కనిపించాడు.

మాఘం దాకా అంతా బాగుంది. తర్వాత వలిసె ఎండిపోయింది. ఎండలు ముదిరాయి. గోతిలోంచి దుమ్ము లేచింది. పిల్లలు బెల్లపు నీళ్ళు పెట్టారు, గోనెలు తడిపి కప్పారు. ఒక ఉదయం మొదటి పెట్టె నిశ్శబ్దంగా ఉంది. మూత తీస్తే ఎండిన మైనం తప్ప ఏమీ లేదు. ఈగలు లేచిపోయాయి. నెల తిరిగేసరికి ఐదు పెట్టెలు ఖాళీ.

పోలయ్య తాత నవ్వుతాడనుకున్నారు. ఆయన నవ్వలేదు. అది ఇంకా బాధగా ఉంది.

మేస్త్రి లారీ మళ్ళీ వచ్చింది. ఏడుగురిలో నలుగురు ఎక్కారు. ఎరకయ్య ఎక్కుతూ గరిటెమ్మ వంక చూడలేదు. లారీ మలుపు తిరిగేదాకా ఆమె నిలబడే ఉంది. పిల్లలకి ఆశపెట్టి వెన్నువిరిచానే అని తనలో తాను కుమిలింది.

పెట్టెలాయనకి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి ఖాళీ పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ముఖం గంభీరంగా ఉంది.

"నా పద్ధతి మీకు తెలుసు" అన్నాడు.

"తెలుసయ్యా" అంది నూకరత్నం. "కొత్త ఈగలు అడగం. ఖాళీ పెట్టెలు మాత్రం అప్పుడే తీసుకెళ్ళకండి. ఒకసారి ఇటు రండి."

ఆమె ఆయన్ని గోతి అంచునుంచి ఇళ్ళ వెనక్కి తీసుకెళ్ళింది. రెండు పెట్టెలు మిగిలాయి. గోతి దగ్గర చోటు చాలక వాటిని మొదట్లోనే రెండు ఇళ్ళ పెరళ్ళలో పెట్టారు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు అంట్లు తోమిన నీళ్ళు ఒకే మూల పారబోస్తారు. ఆ మూల, ఎవరూ పట్టించుకోని గుమ్మడి తీగ పాకి, నడి వేసవిలో అరచేయంత పూలు పూసి ఉంది. ఈగలు ఆ పూలలో పొర్లుతున్నాయి.

"తప్పు ఈగలది కాదు, ఎండదీ కాదు. పెట్టెలు మా ఏడుగురివే అనుకున్నాం. ఊరికి దూరంగా, ఊరు వేలు పెట్టకుండా పెట్టుకున్నాం. ఊరి నీళ్ళు పడిన చోటే బతికాయి. నలభై పెరళ్ళున్నాయి. ఈ రెండింటినీ విడగొట్టుకుంటూ నలభైకీ పంచుతాం. మాకు కాలం ఇవ్వండి."

పెట్టెలాయన చాలాసేపు ఆ పువ్వు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పద్ధతి మార్చుకోవడం ఆయనకి అలవాటు లేని పని. మధ్యాహ్నమైంది. లేచి, కాళ్ళు విదిలించుకొని, వెళ్ళి గరిటెమ్మ వరసలో చివర నిలబడ్డాడు.

"ఏమిటిది?" అంది గరిటెమ్మ.

"ఈగలు ఇవ్వలేను. నేనుంటాను, పదిహేను రోజులు. గుంపుని విడగొట్టడం చూస్తే వచ్చేది కాదు, చేస్తే వస్తుంది. అన్నం పెట్టండి."

ఇల్లిల్లూ తిరగడం నూకరత్నం పని. అందరూ ఒప్పుకున్నారు, పోలయ్య తాత తప్ప.

"తాతా, నీ పెరడు తూర్పు వైపుంది. పొద్దుటెండ పడుతుంది. పెట్టె పెట్టనివ్వు."

"ఉన్న ఒక కన్నూ కుట్టించుకోమంటావా?"

"కుట్టకుండా నేను చూసుకుంటా. నువ్వు నీళ్ళు పొయ్యి చాలు."

"నాకేం వస్తుంది?"

నూకరత్నం ఆలోచించి నిజం చెప్పింది. "ఈ ఏడు ఏమీ రాదు తాతా."

ముసలాయన ఆమెని పైకీ కిందికీ చూశాడు. గనివాళ్ళు, మేస్త్రులు, మాటలు చెప్పేవాళ్ళు ఎందరినో చూసిన మనిషి. ఏమీ రాదని చెప్పి అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. "ఆ మూల పెట్టు, నడిచే దారిలో కాదు" అన్నాడు. నెల తిరక్కుండానే ఆ పెట్టె చుట్టూ తడికె కట్టాడు. పక్కింటి కోడి అటు వస్తే కర్ర పట్టుకొని లేచేవాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఏడు పెట్టెలు చాలక, పెట్టెలాయన నేర్పినట్టు కొత్తవి సొంతంగా చేసుకున్నారు. గుమ్మడి, సొర, పొట్ల ఇళ్ళ కప్పులు ఎక్కాయి. గోతి అంచున మునగ నిలదొక్కుకుంది. దుమ్ము అంత తేలిగ్గా లేవడం మానేసింది. వరసలో నిలబడేవాళ్ళు తగ్గారు. అది చూసి గరిటెమ్మకి ఒకరోజు బెంగగానూ ఇంకోరోజు సంతోషంగానూ ఉండేది. కొందరు పిందెలో, కాయలో ఆమె పొయ్యి దగ్గర పెట్టి పోయేవారు.

ఎరకయ్య బట్టీల నుంచి తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. పెట్టెల దగ్గరికి రాకుండా దూరంగా నిలబడ్డాడు. నూకరత్నం ఏమీ అడగలేదు. పొగపెట్టే గుడ్డ అతని చేతికిచ్చి, "మెల్లగా ఊదు, కళ్ళలో పడుతుంది" అంది.

రెండో ఏడు మాఘంలో ఏడు పెట్టెలు, ఈగలతో నిండినవి, కొండ దిగాయి. ముప్ఫై ఒకటి కొండమీదే ఉన్నాయి. పెట్టెలాయన ఏడూ తిరిగొచ్చాయని నలుగురికీ చెప్పుకుంటూ మర్నాడు మళ్ళీ కొండెక్కాడు. పని ఏమీ లేదు, ఊరికే వచ్చాడు.

ఆయన ఉండగానే పోలయ్య తాత పెట్టెలో గుంపు విడింది. కొత్త ఈగల దండు ఝుమ్మంటూ మబ్బులా పైకి లేచింది. తాత కంచం మీద గరిటెతో వాయించాడు, కిందికి దిగుతుందని. దిగలేదు. ఎరకయ్య మునగచెట్టు ఎక్కాడు. అందలేదు. దండు గోతి దాటింది, వాగు దాటింది, ఎదురు కొండకేసి పోతోంది.

ఎదురు కొండ కూడా గనే. అదీ మూతపడింది. అక్కడివాళ్ళతో వీళ్ళకి ఎప్పటినుంచో మాటల్లేవు. రాయి దగ్గర, కూలి దగ్గర తలలు పగలగొట్టుకున్న పాత కోపాలు.

"పోనివ్వకండిరా! చచ్చిపోతాయి అక్కడ. ఆ కొండమీద ఏముంది, దుమ్ము తప్ప?" అని తాత అరిచాడు.

పెట్టెలాయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. చాలాసేపు చూశాడు.

"పువ్వు లేని చోటికి ఈగ పోదు" అన్నాడు మెల్లగా.

అందరూ అటు చూశారు. వాళ్ళకి తెల్లటి రాయే కనిపించింది. గరిటెమ్మ కళ్ళకి అసలేమీ కనిపించలేదు. అయినా ఆమె ముఖం విప్పారింది. "నేను అటు గింజలు పంపలేదే" అంది. "నేనూ పెట్టె ఇవ్వలేదు" అన్నాడు పెట్టెలాయన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

నూకరత్నం అప్పటికే ఒక ఖాళీ పెట్టె నెత్తిమీద పెట్టుకుంది. "వెనక్కి పట్టుకొస్తావా వాటిని?" అని అడిగాడు ఎరకయ్య. ఆమె వాగు దారి పట్టింది.

వాగు దగ్గర ఒక పిల్ల ఎదురుపడింది. పద్నాలుగేళ్ళుంటాయి. కనురెప్పలమీద తెల్లటి దుమ్ము. చంకలో బిందె, తలలో పసుప్పచ్చటి వలిసె పువ్వు. నీళ్ళు ముంచడం మరిచిపోయి, తన కొండమీద చెట్టు కొమ్మకి నల్లటి గుమ్మడికాయలా వేలాడుతున్న దండుకేసి నోరు తెరుచుకొని చూస్తోంది. నూకరత్నాన్ని చూడగానే ఒకడుగు వెనక్కి వేసింది.

"ఇవి మీవా?" అంది భయంగా.

నూకరత్నం పెట్టె దించి, ఇద్దరి మధ్యా ఇసకలో పెట్టింది.

"నిన్నటిదాకా" అంది.