అయస్కాంతమ్మ, సన్నతీగ

అనగనగా, రాజులూ రథాలూ పోయి కరెంటు స్తంభాలు వచ్చిన కాలంలో, ఒక పాటల మేళం ఉండేది. పెళ్ళి పందిళ్ళలో పాటలు పాడటం దాని పని. పాడేది నాంచారమ్మ. గిటారు వాయించేది ఏసుపాదం. అది మామూలు చెక్క గిటారు కాదు, కరెంటు గిటారు. వైరు తగిలించకపోతే దాని గొంతు పక్కవాడికి కూడా సరిగా వినపడదు.

ఆ గిటారులో అయస్కాంతమ్మ కాపురం ఉండేది.

తీగలన్నీ ఒక చివర ఇనుప మెట్టు మీద ఆనుకొని ఉంటాయి. దాన్ని బ్రిడ్జి అంటారు. కింద ఏరు పారదు, పైన బండ్లు నడవవు, అయినా బ్రిడ్జే. పేర్లు పెట్టినవాళ్ళని అడగాలి. ఆ బ్రిడ్జి పక్కన, తీగల కిందుగా, వేలెడంత నల్లని పెట్టె ఉంటుంది. దాని పేరు పికప్. అదే అయస్కాంతమ్మ ఇల్లు. పైన తీగ ఊగితే, ఆ ఊపును పట్టి వైరు గుండా స్పీకరుకు పంపడం ఆమె పని.

ఆరు తీగల్లోనూ ఆమెకు సన్నతీగ అంటే ప్రాణం. అందుకు కారణం ఉంది. అంతకు ముందున్న సన్నతీగ ఒక పెళ్ళిలో, పాట మధ్యలో, ఫట్టున తెగిపోయింది. చరణం కూడా పూర్తి కాలేదు. అయస్కాంతమ్మ చాలాకాలం కుదుటపడలేదు. కొత్త తీగ వచ్చిన రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది.

"దీన్ని పోనివ్వను. దగ్గరుండి చూసుకుంటాను."

బ్రిడ్జి దగ్గర తీగ ఎక్కువ ఊగదు, కాబట్టి అక్కడి గొంతు కాస్త సన్నగానే ఉంటుంది. అది దాని స్వభావం. ఏసుపాదానికి మాత్రం అది చాలలేదు. ఒక పెళ్ళిలో, పికప్‌కు రెండు వైపులా ఉన్న స్క్రూలను కొంచెం బిగించాడు. బిగిస్తే పెట్టె పైకి లేస్తుంది, తీగకు దగ్గరవుతుంది.

"పిన్నీ, దగ్గరికొచ్చావే!" అంది సన్నతీగ.

"వచ్చానమ్మా" అంది అయస్కాంతమ్మ, పొంగిపోతూ.

గొంతు పెద్దదైంది. అందరూ బాగుందన్నారు.

రెండో పెళ్ళిలో వడ్డన మొదలైంది. మన పెళ్ళిళ్ళలో వడ్డన అంటే తెలిసిందే కదా. ఇటు పప్పంటే అటు పులుసంటారు, బూరెలు వచ్చేసరికి ఎవరి మాట ఎవరికీ వినపడదు. పూర్వం సన్నాయి వాళ్ళకు కూడా ఈ బాధ ఉండేది, పాపం. సరే, ఎక్కడున్నాం? గిటారు దగ్గర. ఏసుపాదం మళ్ళీ బిగించాడు.

"పిన్నీ, కాస్త జరుగుతావా? నువ్వు లాగుతుంటే ఊగలేకపోతున్నాను."

"లాగడం కాదే పిచ్చిదానా, పట్టుకోవడం."

గొంతు కీచుగా మారింది. బిగింపు చాలకనే అలా అయిందనుకొని ఏసుపాదం మూడో పెళ్ళిలో ఇంకా బిగించాడు. ఇప్పుడు తీగకీ పెట్టెకీ మధ్య కాగితం పట్టేంత సందే మిగిలింది.

"పిన్నీ, ఊపిరాడటం లేదు."

"నేనుండగా నీకేం భయం?"

ఏసుపాదం సన్నతీగను మీటాడు. మీటిన స్వరం వణికింది, శ్రుతి తప్పింది, రెండు క్షణాలైనా నిలవకుండా చచ్చిపోయింది. పెళ్ళికూతురి మేనమామ చేతులు కడుక్కోకుండానే లేచి వచ్చాడు.

"ఏమయ్యా, అది పాటా? చెంచాతో కంచం గీకుతున్నావా? భోజనాలయ్యేలోగా బాగు చెయ్యి. లేకపోతే వైరు నేనే పీకేస్తాను."

"తమ్ముడూ, ఎవరో పసిపిల్లను గిల్లుతున్నట్టుందిరా. ముందు దాని సంగతి చూడు" అంది నాంచారమ్మ.

ఏసుపాదం గిటారును పందిరి వెనక్కి తీసుకుపోయాడు. నాంచారమ్మ కూడా వెంట వెళ్ళింది. ఒళ్ళో పెట్టుకొని ఒక్కో తీగనూ మీటి చూశాడు.

"అన్నిటికంటే ఇదే ఏడుస్తోందక్కా. తీగ చెడిపోయింది. కోసి పారేసి వేరేది వేస్తాను" అని, సంచిలోంచి కటింగ్ ప్లేయరు తీశాడు.

తీగలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ప్రపంచంలో అయస్కాంతమ్మ ఒక్కతికే తెలుసు. ఊరుకుంటే తీగ పోతుంది. చెబితే తన్నే పెకలించి పారేస్తారు. పైగా ఆమెకు నోరెక్కడిది? ఆమెకున్నదల్లా లాగడమే.

ఆ లాగడమే మాటగా చేసుకుంది.

ప్లేయరు తీగ దగ్గరికి రాగానే ఉన్న బలమంతా కూడదీసి లాగింది. టక్కున వచ్చి పెట్టెకు అతుక్కుంది ప్లేయరు. ఏసుపాదం విడదీశాడు. మళ్ళీ టక్. విసుక్కుంటూ విడదీశాడు. మళ్ళీ టక్.

'తప్పు నాది నాయనా. నన్ను తీసెయ్యి, బిడ్డను కొయ్యకు.'

ఏసుపాదం చెయ్యి ఆగింది.

"అక్కా, ఇంత బరువైన ప్లేయరునే ఇది ఇలా లాగేస్తుంటే, మీదనే ఉన్న ఈ వెంట్రుకంత తీగను ఎంత లాగుతోందో!"

"మరి దాన్ని దగ్గరికి చేర్చిందెవరు?" అంది నాంచారమ్మ.

"నేనే" అన్నాడు ఏసుపాదం, తల గోక్కుంటూ.

ప్లేయరు సంచిలో పడేసి స్క్రూడ్రైవరు తీశాడు. స్క్రూలు వదులవుతుంటే అయస్కాంతమ్మ కిందికి దిగసాగింది. తనను తీసేస్తున్నారనే అనుకుంది.

"వెళ్ళొస్తానమ్మా. బాగా పాడు" అంది.

కొంత దిగాక స్క్రూ ఆగింది. ఏసుపాదం సన్నతీగను మీటాడు.

అది ఊగింది. ఇటూ అటూ, హాయిగా, ఉయ్యాలలో పిల్లలా ఊగింది. అయస్కాంతమ్మ ఏనాడూ ఆ తీగ గొంతు అంత నిండుగా వినలేదు. ఎలా వింటుంది? ఇన్నాళ్ళూ దాని గొంతు పట్టుకున్నది తనే కదా!

"పిన్నీ, ఉన్నావా?"

"ఉన్నానే తల్లీ. ఇక్కడే, కొంచెం కిందుగా."

ఆ సాయంకాలం పాట పందిరి దాటి వీధి చివరిదాకా వినిపించింది. మేనమామ రెండోసారి బూరెలు తెప్పించుకొని మరీ విన్నాడు.

పిల్లలూ, ప్రేమించినవాళ్ళ పక్కనే ఉండాలి, అయితే వాళ్ళు ఊగేందుకు చోటు వదిలి ఉండాలి.